పాత యోడకు క్రొత్త కొలువు

సముద్రముమీద మనుష్యులను మోయు పెద్ద యోడలు రెండు తెగలుగా నున్నవి. మొదటి తెగ యోడ ఒక రేవున బయలుదేరి వేఱొక రేవు చేరుటకే పుట్టినది. అది యే దినమున లంగరెత్తునో, ఎన్నవ దినమున ఆవలి యొడ్డు చేరునో ముందుగనే ప్రకటింపబడి యుండును. గాలి వీచినను, వాన కురిసినను, మంచు క్రమ్మినను అది తన వేళ తప్పరాదు. దీనిని ఆంగ్లేయులు లైనరు అందురు. పూర్వము కాకినాడనుండియు, విశాఖపట్టణమునుండియు రంగూనునకు కూలికై పోయిన మనవా రెక్కిన స్టీమర్లు చిన్నవే యైనను ఈ జాతికి చెందినవే. రెండవ తెగ యోడ బయలుదేరిన రేవునకే మరల వచ్చును. అందెక్కినవానికి ఆవలి యొడ్డున బంధువులు లేరు, బేరము లేదు, కొలువు లేదు. తినుట, తిరుగుట, పాటలు వినుట, దీవిదీవికి దిగి చూచుట, ఇదియే యతని పని. దీనిని క్రూయిజు ఓడ యందురు. ఈ ప్రసంగమున మొదటిదానిని ప్రయాణపుటోడ యనియు, రెండవదానిని విహారపుటోడ యనియు చెప్పుదును.

మొదటిది బండి వంటిది, రెండవది తిరునాళ్ళ వంటిది. బండిగా పుట్టినదానిని తిరునాళ్ళగా మార్చవచ్చునా? మార్చినచో నందు ఏమేమి విప్పవలెను, ఏమేమి క్రొత్తగా కట్టవలెను? అట్లు మార్చిన యోడ ఎంతకాలము నిలుచును? నిలువని దినము వచ్చినపుడు దాని భారము ఎవరి తలమీద పడును? ఈ ప్రశ్నలకు ఒక్క యోడ చరిత్రములోనే సమాధానము దొరకును. ఆ యోడ ఫ్రెంచివారి దేశమున పుట్టి, నార్వేవారి చేత రెండవ జన్మమెత్తి, తుదకు మన భారతదేశపు టొడ్డుననే కన్నుమూసినది. కావున దాని కథ మనకు పరాయి కథ కాదు.

ముందుగా ఈ మార్పునకు కారణమేమో తెలిసికొనవలెను. ఇరువదవ శతాబ్ది మొదటి సగమున ఐరోపానుండి అమెరికాకు పోవలెనన్న ఓడయే ముఖ్యమైన దారిగా నుండెను. అట్లాంటికు మహాసముద్రమును దాటుటకు వేగమైన యోడకు సుమారు ఐదు దినములు పట్టుచుండెను. 1958వ సంవత్సరము అక్టోబరు మాసమున జెట్టు విమానములు ఆ సముద్రముమీద ప్రయాణికులను గొనిపోవ మొదలిడెను. ఐదు దినముల దూరము కొన్ని గంటల దూరమయ్యెను. పని కలవాడు విమానమెక్కెను. తీరిక కలవాడు మాత్రమే ఓడలో మిగిలెను. రోడ్డుమీద బస్సు వచ్చిన పిదప జట్కాబండి గతి యేమయ్యెనో పెద్దలెఱుగుదురు. ఈ మహానౌకల గతియు నదియే యయ్యెను. ఒక భేదము మాత్రమున్నది. జట్కా విఱిచి పొయ్యిలో పెట్టుకొనవచ్చును. వేయి యడుగుల యినుప యోడను ఏమి చేయవలెను?

ఇపుడు మన కథానాయిక విషయము చెప్పెదను. ఆ యోడ పేరు ‘ఫ్రాన్సు’. ఫ్రాంసు దేశపు పడమటి తీరమున సేంట్ నజైర్ అను నూరి ఓడల కార్ఖానాలో దానిని కట్టిరి. 1960వ సంవత్సరము మే 11వ తేదీన ఆ దేశాధ్యక్షుడు ద గోల్ గారి ఎదుట, ఆయన భార్య చేతిమీదుగా అది నీటిలోనికి దిగెను. 1962 ఫిబ్రవరి 3వ తేదీన లె హావ్రు రేవునుండి న్యూయార్కునకు తొలి ప్రయాణము సాగించెను. దాని పొడవు 1,035 అడుగులు. 2004వ సంవత్సరమున ‘క్వీన్ మేరీ 2’ అను నోడ వచ్చువఱకు అంత పొడవైన ప్రయాణికుల యోడ లోకమున లేకుండెను. సుమారు రెండువేల మంది ప్రయాణికులు, వేయిమందికి పైగా నౌకరులు, కళాసులు అందు పట్టుదురు. గంటకు 30 సముద్రపు మైళ్ళు, అనగా నించుమించు 55 కిలోమీటర్లు, అది పరుగెత్తగలదు.

గమనింపవలసిన సంగతి యొకటి కలదు. విమానములు వచ్చి మూడేండ్లు దాటిన పిదప ఈ యోడ తొలి ప్రయాణము చేసెను. బస్సు వచ్చిన పిదప జట్కాను బంగారు పూతతో చేయించినట్లయ్యెను. ఇది దేశగౌరవమునకై కట్టిన యోడ గాని లెక్కలు చూచి కట్టినది కాదు. ఏటేట ఫ్రెంచి ప్రభుత్వము ఖజానానుండి ధనమిచ్చి దానిని నడిపించుచుండెను. 1973వ సంవత్సరమున అరబ్బు దేశములు నూనెను బిగించుటతో దాని వెల కొద్ది మాసములలోనే సుమారు నాలుగింతలయ్యెను. ఈ యోడ త్రాగునది నూనెయే. 1974వ సంవత్సరమున ప్రభుత్వము ఇక ధనమీయజాలమని ప్రకటించెను.

ఆ సెప్టెంబరు మాసమున జరిగినది చిత్రమైన సంఘటన. ఓడలో పనిచేయువారు తమ జీవనము పోవుచున్నదని తెలిసి, లె హావ్రు రేవు ముఖమున ఓడను లంగరు వేసి నిలిపివైచిరి. రేవులోనికి పోనీయరైరి. ప్రయాణికులను చిన్న పడవలలో నొడ్డునకు చేర్చవలసివచ్చెను. కొన్ని వారములు ఆ పట్టు నిలిచెను గాని ఫలింపలేదు. ఓడను రేవులో నొక మూల కట్టివైచిరి. ఆ మూలకు జనులు ‘మఱపు గట్టు’ అని పేరు పెట్టుకొనిరి. మరుసటి యేట, అనగా 1975న, మిషెల్ సార్దూ అను గాయకుడు ఆ యోడయే తన దుఃఖము చెప్పుకొనుచున్నట్లు ఒక పాట పాడగా ఆ దేశమంతయు దానిని విన్నది. నాలుగేండ్లకు పైగా ఓడ కదలలేదు. 1977న అక్రం ఓజ్జె యను అరబ్బు ధనికుడు కొనెను గాని, తేలియాడు హోటలుగా చేయవలెనన్న అతని తలపు నెరవేరలేదు.

1979వ సంవత్సరమున నుట్ క్లోస్టర్ అను నార్వే దేశీయుడు దానిని ఒక కోటి 80 లక్షల డాలర్లకు కొనెను. ఈయన 1966వ సంవత్సరమునుండి అమెరికాలోని మయామి రేవునుండి కరీబియన్ దీవులకు విహారపుటోడలు నడుపుచున్న సంఘమునకు పెద్ద. అప్పటి విహారపుటోడలు ‘ఫ్రాన్సు’ ముందు పెద్ద చేప ముందు పిల్లచేపల వంటివి. తోటి వ్యాపారులు ఇంత పెద్ద యోడను ఎవరు నింపుదురని నవ్విరి. క్లోస్టరు లెక్క వేఱు. ఓడ పెద్దదైనచో ప్రజలు దీవులను చూచుటకు గాక ఓడను చూచుటకే వత్తురని ఆయన తలంచెను. కాలము ఆయన మాటనే నిజము చేసినది.

ఇచట పెద్దలొక ప్రశ్న వేయవచ్చును. పాతది కొననేల, క్రొత్తదే కట్టించుకొనరాదా? క్రొత్త మహానౌకను కట్టించుటకు ఏండ్లు పట్టును, ధనము కొండవలె కావలెను. పాత యోడ చౌకగా దొరకును. అంతకన్న ముఖ్యమైన కారణము మఱియొకటి. అట్లాంటికు మహాసముద్రపు శీతకాలపు టలలకు తట్టుకొనుటకై కట్టిన యోడ గనుక దాని యొడలు మిక్కిలి దృఢమైనది. పూర్వపు జమీందారుల మేడను సత్రముగా మార్చినచో గోడలు వేఱుగా కట్టనక్కఱలేదు గదా. గోడలు గట్టివే. గదులను మార్చవలెను, వంటశాలను పెంచవలెను, గాలి వెలుతురులకు కిటికీలు తెఱవవలెను. ఇట్లే యోడయు.

1979వ సంవత్సరము ఆగస్టు మాసమున చిన్న లాగుడు పడవలు ఆ యోడను లె హావ్రునుండి జర్మనీలోని బ్రెమర్‌హావెన్ రేవునకు లాగుకొని పోయెను. మరుసటి వసంతమువఱకు అచట పని జరిగెను. కొన్న వెలకు నాలుగింతలకు పైగా, సుమారు ఎనిమిది కోట్ల డాలర్లు, మార్పులకే వ్యయమయ్యెను. మార్చినవి ముఖ్యముగా నైదు విషయములు. ఒక్కొక్కటి చెప్పెదను.

మొదటిది వేగము. బండిని రెట్టింపు బరువుతో లాగింపవలెనన్న ఎడ్లు రెట్టింపు చాలునని మనము తలంతుము. నీటిలో వేగమునకు అట్టి లెక్క చెల్లదు. నీరు అడ్డగించు బలము వేగముతో బహుశీఘ్రముగా పెరుగును. స్థూలముగా చెప్పవలెనన్న వేగము రెట్టింపు చేయవలెనన్నచో యంత్రబలము ఎనిమిది రెట్లు కావలెను. దీనినే తిరుగవేసి చూడుడు. గంటకు 30 మైళ్ళ వేగమును 20 మైళ్ళకు తగ్గించినచో పూర్వపు బలములో మూడవ వంతుకన్న తక్కువయే చాలును. విహారమునకు వచ్చినవానికి తొందర లేదు. కావున ‘ఫ్రాన్సు’ను నడిపిన నాలుగు పెద్ద త్రిప్పుడు రెక్కలలో, అనగా ప్రొపెల్లర్లలో, రెంటిని తీసివేసిరి. రెండు యంత్రశాలలలో ముందరిదానిని ఆపివైచిరి. నూనె ఖర్చు తగ్గిపోయెను. ఏ ఖర్చు ఆ యోడను చంపినదో ఆ ఖర్చునే ముందుగా కోసివేసిరన్నమాట. రేవులలో లాగుడు పడవల సాయము లేకుండ తిరుగుటకు ఓడ ముక్కునొద్ద నీటిని ప్రక్కకు నెట్టు యంత్రములను అమర్చిరి.

రెండవది లోతు. ఈ యోడ నీటిలో సుమారు 34 అడుగులు మునిగి నడచును. లె హావ్రు, న్యూయార్కు వంటి మహారేవులకు అది చిక్కు కాదు. కరీబియన్ దీవుల చిన్న రేవులలో అంత లోతు లేదు. గట్టునకు చేరలేని యోడనుండి రెండువేల మందిని దింపుట యెట్లు? దీనికై రెండు పెద్ద పడవలను కట్టించి ఓడ ముందరి మేడమీదనే యుంచిరి. ఒక్కొక్క పడవలో దాదాపు 400 మంది పట్టుదురు. పెద్ద యోడ దూరముగా లంగరు వేయును. ఆ పడవలను నీటిలోనికి దింపి, జనులను ఇసుకయొడ్డునకు చేర్చుదురు. గోదావరిలో నీరు తగ్గిన దినములలో లాంచీ నడిమి పాయలో నిలువగా, నాటుపడవలు జనమును గట్టునకు చేర్చిన విధము తెలిసినవారికి ఇది క్రొత్త కాదు.

మూడవది తరగతులు. ప్రయాణపుటోడలో మొదటి తరగతివారు, తక్కువ తరగతివారు ఒకరి నొకరు చూడకుండ ఏర్పాటుండును. వారికొక భోజనశాల, వీరికొక భోజనశాల. వారికొక నడవ, వీరికొక నడవ. మెట్లు కూడ వేఱే. ‘ఫ్రాన్సు’లో రెండు తరగతులు మాత్రమే యుండెను గాని గోడ గోడయే. విహారపుటోడలో గది వెల పెద్దది, చిన్నది కావచ్చును గాని, గది బయట అడుగుపెట్టిన పిదప అందఱు నొక్కటే. కావున బ్రెమర్‌హావెనులో ఆ యడ్డుగోడలను పడగొట్టిరి. ఓడ యిరుప్రక్కల పొడవునను సాగిన రెండు నడవలను రెండు వీధులుగా మార్చి, అంగళ్ళు పెట్టి, ఒకదానికి న్యూయార్కులోని పేరుగల వీధి పేరును, రెండవదానికి పారిసులోని పేరుగల వీధి పేరును ఇడిరి. ఒక యడ్డుగోడ తీసినంతమాత్రమున ఓడ స్వభావమే మారిపోయెను. మార్పులన్నిటిలో చౌకయైనది ఇదియే, లోతైనదియు నిదియే.

నాలుగవది గాలి, ఎండ. అట్లాంటికు ఉత్తరభాగమున చలిగాలి కోతకోయును. కావున ఆ యోడ మేడలన్నియు మూతపడియుండెను. ఈతకొలను సైతము అద్దపు కప్పు క్రింద నుండెను. కరీబియన్ సముద్రము మన తీరమువలె వెచ్చనిది. అచటికి పోవువాడు ఎండ కాచుకొనుటకే పోవును. ఓడ వెనుకభాగమున మేడలను విశాలపఱచి, ఆకాశము క్రింద క్రొత్త కొలనును త్రవ్వినట్లు అమర్చిరి. చలినాపుటకు కట్టిన యింటిని ఎండను పిలుచు నిల్లుగా మార్చవలసివచ్చెను. గదులను చల్లబఱచు యంత్రములను పెంచిరి.

ఐదవది పేరు, రంగు. నల్లని యొడలికి నీలిరంగు పూసి, ‘నార్వే’ అని పేరు పెట్టిరి. 1980వ సంవత్సరము మే మాసమున అది నార్వే రాజధాని ఓస్లో చూచి, న్యూయార్కు మీదుగా మయామి చేరెను. జూను 1వ తేదీన తొలి విహారయాత్రకు బయలుదేరెను. ఓడ నిండుచునే యుండెను. 1988వ సంవత్సరమున దానికన్న పెద్ద విహారపుటోడ క్రొత్తగా కట్టబడువఱకు అదియే యన్నిటిలో పెద్దది. నేడు వేలకొలది జనముతో ఊరివలె నడచు విహారపుటోడలకన్నిటికిని మార్గము చూపినది ఈ పాత యోడయే. 1990వ సంవత్సరమున దానిమీద మఱి రెండంతస్తులు కట్టిరి. దూరమునుండి చూచినవారు దాని పూర్వపు సొంపు చెడినదనిరి. గదుల అద్దె మాత్రము పెరిగినది.

ఇంతవఱకు చెప్పినది విజయము. ఇక రెండవ ప్రక్క చెప్పకున్న నా ప్రసంగము అబద్ధమగును.

పాత యోడను విహారమునకు పెట్టుటలో పూర్వమే ఘోరమైన సంఘటనలు జరిగియుండెను. 1930న కట్టిన యొక యోడకు ‘లకోనియా’ అని క్రొత్త పేరు పెట్టి విహారమునకు నడుపుచుండగా, 1963 డిసెంబరులో మదీరా దీవుల దాపున నిప్పంటుకొని 128 మంది చనిపోయిరి. 1927న కట్టిన ‘యార్మత్ కాజిల్’ అను నోడ మయామినుండి నాసావునకు పోవుచు 1965 నవంబరు 13వ తేదీ రాత్రి తగులబడెను. అందు 90 మంది మడిసిరి. పాత యోడలలో గోడలకు, తలుపులకు, మెట్లకు ఎండిన కొయ్య యుండును. ఏటేట పూసిన రంగు పొరలు పొరలుగా నుండును. అగ్గిపుల్ల తగిలిన గడ్డివాము వలె నంటుకొనును. ఈ చావుల పిదప దేశములన్నియు గూడి ఓడల అగ్నిరక్షణకు కఠినమైన కట్టుబాట్లు చేసినవి. 1912వ సంవత్సరమున ‘టైటానికు’ మునిగిన పిదప పుట్టిన ఒడంబడికయే క్రమముగా పెరిగి ఇంతదయ్యెను. దాని ప్రకారము 2010వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి మంటను పెంచు కొయ్యసామగ్రితో కట్టిన పాత ప్రయాణికుల యోడలు దేశదేశముల నడుమ తిరుగరాదని నియమము వచ్చినది. ఎన్నో ముసలి యోడలు ఆ నియమముతోనే విశ్రాంతి తీసికొనినవి.

‘నార్వే’ యోడలో కొయ్యబెడద లేకుండెను. దానిని కట్టినవారు నిప్పునకు భయపడి కొయ్యను మానివైచిరి. దాని బదులు వాడిన వస్తువులలో రాతినార యొకటి. ఈ రాతినార సంగతి తరువాత చెప్పెదను. ముందు దాని గుండె మాట చెప్పవలెను.

ఓడకు గుండె ఆవిరి పుట్టించు బాయిలర్లు. యంత్రశాలలో నొకటి ఆపినను, రెక్కలు రెండు తీసినను, మిగిలిన బాయిలర్లు తొలుత పెట్టినవే. ఇచట మఱియొక యోడతో పోల్చి చూడవలెను. ఇంగ్లండువారి ‘క్వీన్ ఎలిజబెత్ 2’ అను నోడ 1969న కొలువునకు వచ్చినది. అదియు ఆవిరి యోడయే, ప్రయాణపుటోడయే, విహారమునకు మారినదే. దాని యజమానులు 1986 అక్టోబరునుండి 1987 ఏప్రిలువఱకు అదే బ్రెమర్‌హావెనులో దాని ఆవిరి యంత్రములను మొత్తముగా పెఱికివేసి, తొమ్మిది డీజిలు యంత్రములను అమర్చిరి. ఆ యోడ 2008వఱకు ఇరువదేండ్లకు పైగా సముద్రమున తిరిగి, దుబాయి రేవు చేరి, 2018నుండి అచట హోటలుగా నున్నది. ఒకరు గుండె మార్చిరి. ఒకరు పాత గుండెతోనే నడిపిరి.

2003వ సంవత్సరము మే 25వ తేదీ ఉదయమున ‘నార్వే’ మయామి రేవునకు వచ్చి గట్టునకు చేరియుండెను. ఆ వేళ ఒక బాయిలరు పగిలిపోయెను. కాగి యణగియున్న నీరు ఒక్కసారిగా ఆవిరియై యంత్రశాలనంతయు నిండెను. ఎనిమిదిమంది పనివారు చనిపోయిరి, పెక్కుమందికి గాయములయ్యెను. మేడలమీద నిదురించుచున్న విహారులకు గాక, అడుగున పనిచేయుచున్నవారికే ఆ యాపద వచ్చెను. అమెరికా ప్రభుత్వపు రవాణా భద్రతా మండలి విచారించి, బాయిలరును నడిపిన తీరు, బాగుచేసిన తీరు, పరీక్షించిన తీరు లోపముతో కూడినవనియు, దానిచేత ఇనుము క్షీణించి పగుళ్ళు పుట్టినవనియు తేల్చెను. 2008వ సంవత్సరమున ఆ యోడల సంఘము న్యాయస్థానమున తన నేరము నొప్పుకొని పదిలక్షల డాలర్ల జుల్మానా చెల్లించెను.

పెద్దలారా, ఇనుము అలసిపోవునా యని మీరడుగవచ్చును. అలసిపోవును. తీగను ఒకే చోట నూఱుసార్లు వంచి చూడుడు, బలము పెట్టకయే తెగును. బాయిలరు ప్రతి యాత్రలోను వేడెక్కి ఉబ్బును, చల్లారి తగ్గును. నలువదేండ్లపాటు ఇట్లు ఉబ్బి తగ్గిన ఇనుములో కంటికి కనబడని పగుళ్ళు పుట్టును. పైన నీలిరంగు పూసినంతమాత్రమున లోపలి పగులు మానదు. పాత వస్తువును క్రొత్త పనికి పెట్టునపుడు, జనులు చూచు భాగమున ఎంత వ్యయము చేసితిమో, జనులు చూడని భాగమున గూడ అంత శ్రద్ధ చేయవలెనని ఈ యెనిమిదిమంది ప్రాణములు చెప్పుచున్నవి.

ఆ పిదప ‘నార్వే’ మరల ప్రయాణికులను మోయలేదు. దానిని జర్మనీకి లాగుకొని పోయిరి. 2005న మలయా దేశపు రేవునకు చేర్చిరి. తుదకు తుక్కుక్రింద అమ్మిరి. ‘బ్లూ లేడీ’ అని మూడవ పేరు పెట్టుకొని 2006వ సంవత్సరమున అది గుజరాతులోని అలంగు తీరమునకు వచ్చెను. అచట సముద్రపు పోటు మిక్కిలి ఎత్తుగా వచ్చును. నిండుపోటున ఓడను వేగముగా ఒడ్డుమీదికి ఎక్కింతురు. పాటు తీసిన పిదప అది బురదమీద నిలిచిపోవును. పిమ్మట కూలీలు దానిని ముక్కముక్కలుగా కోయుదురు. లోకమునందలి ముసలి యోడలలో పెక్కింటికి అలంగే కాటిభూమి. బీదప్రాంతములనుండి కూలికై వచ్చినవారే అచటి పనివారు.

ఇపుడు రాతినార సంగతి. అది గనిలో దొరకు నారవంటి రాయి. నిప్పునకు కాలదు, వేడిని ఆపును. కావుననే ఓడలలో గోడలకు, గొట్టములకు దానిని దట్టముగా చుట్టిరి. కదలక పడియున్నంతకాలము దానిచేత కీడు తక్కువ. కోసినపుడు, విఱిచినపుడు కంటికి కానరాని నుసియై గాలిలో లేచును. ఆ నుసి ఊపిరితిత్తులలో చేరి, పది యిరువది యేండ్లకు, ఒక్కొక్కపుడు అంతకన్న ఆలస్యముగా, ఉబ్బసమును పోలిన రోగమును, పుండువ్యాధిని, అనగా కాన్సరును పుట్టించును. అగ్ని భయమునకై వాడిన మందు కూలివాని రొమ్మునకు విషమయ్యెను. ఆ యోడలో వేయి టన్నులకు పైగా రాతినార యున్నదని వాదించుచు, దానిని మన దేశమున కోయరాదని కొందఱు సుప్రీముకోర్టున మొఱపెట్టుకొనిరి. నిపుణుల సంఘము పరీక్షించిన పిదప, 2007వ సంవత్సరము సెప్టెంబరులో కట్టుబాట్లతో విఱుచుటకు న్యాయస్థానము అనుమతించెను. 2008వ సంవత్సరాంతమునకు ఓడ లేకుండ పోయెను. దాని ముక్కు కొనను మాత్రము కోసి ఫ్రాంసునకు పంపిరి. అది 2018వ సంవత్సరమున లె హావ్రు చేరి, ఓడ తొలుత బయలుదేరిన రేవుననే నిలుపబడినది.

తక్కిన యోడల గతియు రెండు మాటలలో చెప్పెదను. 1936న తొలి ప్రయాణము చేసిన పాత ‘క్వీన్ మేరీ’ 1967న అమెరికాలోని లాంగ్ బీచి చేరి హోటలుగా మారినది. 1959న వచ్చిన ‘రాటర్‌డాము’ విహారపుటోడగా దీర్ఘకాలము తిరిగి, 2010నుండి తన పేరుగల నగరముననే హోటలుగా నున్నది. 1948వ సంవత్సరపు ‘స్టాక్‌హోము’ అను చిన్న యోడ 1956న ‘ఆండ్రియా డోరియా’ అను ఇటలీ యోడను ఢీకొని ముంచినది. అట్టి చెడుపేరు గలదానిని ఇటలీవారే 1990 దశకమున ఇంచుమించు క్రొత్తదానివలె కట్టి విహారమునకు పెట్టిరి. అది పెక్కు పేర్లు మార్చుకొనుచు ఎనుబదేండ్లకు దగ్గఱగా బ్రతికినది. ఇందులకు భిన్నముగా 1952న అట్లాంటికు సముద్రమును అందఱికన్న వేగముగా దాటిన ‘యునైటెడ్ స్టేట్సు’ అను నోడ 1969న ఆగినది. దానిని విహారపుటోడగా మార్పవలెనని కొన్నవారు కొన్నారు గాని వ్యయమునకు వెనుదీసిరి. ఏబదేండ్లకు పైగా త్రుప్పుపట్టిన పిదప, 2024న ఫ్లారిడాలోని ఒక జిల్లా ప్రభుత్వము సముద్రగర్భమున ముంచి చేపలకు నివాసము చేయుటకై దానిని కొనెను. మార్చిన యోడకొక చరిత్ర యున్నది, మార్చని యోడకు త్రుప్పు మాత్రమున్నది.

అందుచేత పాత యోడలను మార్చుట తప్పని నేననను. ‘నార్వే’ 1980నుండి 2003వఱకు ఇరువదిమూడేండ్లు వేలమందికి పని యిచ్చినది. తొలి కొలువున, అనగా 1962నుండి 1974వఱకు, అది పనిచేసినది పండ్రెండేండ్లు మాత్రమే. రెండవ జన్మమే దీర్ఘమైనది. గట్టి వస్తువును ఉపయోగము తీరలేదని తెలిసియు పాడుపెట్టుట పాపము. అయితే మార్చువాడు మూడు సంగతులు మఱవరాదు. పాత వస్తువు ఏ పనికై పుట్టినదో తెలిసికొని, క్రొత్త పనికి అడ్డువచ్చుదానిని ధైర్యముతో తీసివేయవలెను. వేగమును, అడ్డుగోడలను తీసినవారు ఆ పని బాగుగా చేసిరి. రెండవది, కనబడని గుండెను కనబడు మేనికన్న ముందు చూడవలెను. ఆ పని బాగుగా జరుగలేదు. మూడవది, దాని యంత్యకాలమును తొలినాడే తలంచి, దానిలోని విషము ఎవరి యూపిరిలోనికి పోవునో విచారింపవలెను.

ఈ మూడవ సంగతిని లోకము ఆలస్యముగా గుర్తించినది. ఓడలను విఱుచు పనికి మన దేశము 2019వ సంవత్సరమున ఒక చట్టము చేసినది. హాంకాంగు ఒడంబడిక యనునది 2025 జూను 26వ తేదీనుండి దేశముల నడుమ అమలులోనికి వచ్చినది. ఓడలో విషపదార్థము లెచ్చట నెంత యున్నవో పట్టిక వ్రాసి యుంచవలెననియు, అనుమతి గల చోటనే విఱువవలెననియు అందు నియమించిరి. నియమము కాగితముమీద నున్నంతమాత్రమున కూలివాని ముక్కునకు గుడ్డ కట్టదు. దానిని నడిపించువారు కావలెను.

మన గ్రామములలో పాత చెఱువును క్రొత్త ఆయకట్టునకు మార్చునపుడును, పాత మేడను బడిగా చేయునపుడును, పాత యంత్రమును కొని మిల్లు పెట్టునపుడును ఈ లెక్కయే వర్తించును. సున్నము కొట్టిన గోడను చూచి తృప్తిపడక, పునాదిని త్రవ్వి చూడుడు. తూము లోపల చేయిపెట్టి చూడుడు. బాయిలరు తనిఖీ కాగితమడిగి, తేదీ చూడుడు. అడుగువాడు పెద్దవాడైనచో చెప్పువాడు తప్పించుకొనలేడు. ఊరి పెద్దలకు ఆ యధికారమున్నది.